కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) ఫైల్ కదలట్లేదు, వర్క్ పర్మిట్ అయిపోతోంది, ఇంటి దగ్గర పాప పుట్టింది – ఏం చేయాలో చెప్పండి

కృష్ణలంక_కుర్రోడు:
నమస్తే అండీ. నేను బ్రాంప్టన్‌లో ఉంటాను, ఒక వేర్‌హౌస్‌లో లాజిస్టిక్స్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు చూసి పీఆర్‌కి పిలిచే పద్ధతి) కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ (సీఈసీ, కెనడాలో పనిచేసినవాళ్ల కేటగిరీ) కింద ఐటీఏ, అంటే అప్లై చేయమని పిలుపు, వచ్చింది, కాగితాలన్నీ పెట్టి ఫీజు కట్టాను, ఏఓఆర్ (ఫైల్ అందిందన్న రసీదు) వచ్చి ఆరు నెలలు ఎప్పుడో దాటిపోయింది. మెడికల్ పాస్ అని చూపిస్తోంది. బ్యాక్‌గ్రౌండ్ చెక్ మాత్రం ఎప్పుడు చూసినా ఇన్ ప్రోగ్రెస్సే. మధ్యమధ్యలో ఘోస్ట్ అప్‌డేట్లు వస్తాయి, తేదీ మారుతుంది, లోపల ఏమీ ఉండదు.

అసలు టెన్షన్ ఇది. నా పీజీడబ్ల్యూపీ (ఇక్కడ చదువు అయ్యాక ఇచ్చే వర్క్ పర్మిట్) ఇంకొన్ని నెలల్లో అయిపోతుంది. నా భార్య విజయవాడలో పుట్టింట్లో ఉంది, పోయిన నెల పాప పుట్టింది, ఇంతవరకు ఫోన్లో చూడటమే. తనని ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పని చేసుకునే పర్మిట్) మీద తెచ్చుకుందామంటే 2025 జనవరి 21 నుంచి రూల్ మారింది, నా పర్మిట్‌లో కనీసం 16 నెలలు మిగిలి ఉండాలి, నాకు అంత లేదు. ఇప్పుడు ఇండియా వెళ్లి రావచ్చా? వెళ్తే ఫైల్‌కి ఏమైనా అవుతుందా? ఇంకోటి, పాప పేరు ఇప్పుడు కలిపితే ఇంకా లేటవుతుంది, పీఆర్ వచ్చాక స్పాన్సర్ చేసుకోవచ్చులే అని రూమ్మేట్స్ అంటున్నారు. మామయ్యగారు రోజూ ఫోన్ చేసి ఎంతవరకు వచ్చింది బాబూ అంటారు, ఏం చెప్పాలో తెలియడం లేదు.

కాల్గరీ_సిస్టర్:
తమ్ముడూ, ముందు పాపకి ఆశీస్సులు. పాప విషయంలో మాత్రం రూమ్మేట్స్ మాట అస్సలు వినకు. ఫైల్ నడుస్తుండగా పుట్టిన బిడ్డను చెప్పకుండా ల్యాండ్ అయితే (పీఆర్ తీసుకుంటే), రేపు స్పాన్సర్ చేసేటప్పుడు 117(9)(డి) అనే నిబంధన అడ్డం వస్తుంది. పీఆర్ వచ్చే సమయానికి పరీక్షించని కుటుంబ సభ్యులను ఫ్యామిలీ క్లాస్ నుంచి తప్పించే నిబంధన అది. కొందరికి ఊరటనిచ్చే తాత్కాలిక పాలసీ ఒకటి పెట్టారు కానీ, దాన్ని నమ్ముకుని బిడ్డ భవిష్యత్తును పణంగా పెట్టకూడదు. బర్త్ సర్టిఫికెట్ రాగానే ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌ఫామ్‌లో అప్‌లోడ్ చెయ్యి. పాస్‌పోర్ట్‌కి ఈలోపే అప్లై చేయించు, వచ్చాక అది కూడా పంపు. పాపకి బయోమెట్రిక్స్ అక్కర్లేదు, 14 ఏళ్లు నిండినవాళ్లకే. మెడికల్ మాత్రం కావాలి, హైదరాబాద్‌లో ప్యానెల్ డాక్టర్ (ఇమిగ్రేషన్ శాఖ గుర్తించిన డాక్టర్) దగ్గర చేయించాలి, వాళ్లు ఇన్‌స్ట్రక్షన్ లెటర్ పంపాక. పిల్లల వల్ల సీఆర్‌ఎస్ స్కోరు (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ర్యాంకు పాయింట్లు) మారదు, కాబట్టి ఆ భయం వద్దు. కొంచెం లేటవుతుంది, నిజమే. అవనీ.

మెడికల్ గురించి ఇంకో మాట. అది 12 నెలలే చెల్లుతుంది. 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వాళ్లు మెడికల్ ముందే చేయించుకుని అప్లికేషన్‌తో పాటే పెట్టాలి కదా, అంటే ఫైల్ వాళ్ల చేతికి వెళ్లకముందే మన గడువు కరగడం మొదలవుతుంది. నీదీ మీ ఆవిడదీ ఏ తేదీన అయిపోతాయో చూసి పెట్టుకో. అయిపోయిందని నీ అంతట నువ్వు మళ్లీ చేయించకు, వాళ్లు అడిగితేనే చేయించు. నేను నర్సుని, హెల్త్‌కేర్ కేటగిరీలో వచ్చాను, మా బ్యాచ్‌లో చాలామందికి రీ-మెడికల్ అడిగారు.

డాలస్_టు_టొరంటో:
సిస్టర్ చెప్పినదానికి తిరుగులేదు. ట్రావెల్ గురించి నేను చెప్తా, ఎందుకంటే దీంట్లో చాలామందికి క్లారిటీ లేదు. పీఆర్ ఫైల్ నడుస్తుండగా కెనడా బయటికి వెళ్లడం తప్పేం కాదు, దానివల్ల ఫైల్ ఆగదు. ఇబ్బంది తిరిగి వచ్చేటప్పుడు. మన పాస్‌పోర్ట్‌కి లోపలికి రావడానికి చెల్లుబాటులో ఉన్న వీసా స్టాంపు కావాలి, వర్క్ పర్మిట్ కాగితం ఒక్కటే ఉంటే ఫ్లైట్ ఎక్కనివ్వరు. నీ స్టాంపు ఎప్పటివరకు ఉందో చూడు బ్రదర్, మామూలుగా పర్మిట్ గడువుతోనే అయిపోతుంది.

రెండోది మెయింటెయిన్డ్ స్టేటస్. పర్మిట్ అయిపోకముందే కొత్తదానికి అప్లై చేస్తే, నిర్ణయం వచ్చేదాకా పాత షరతుల మీదే పని చేసుకోవచ్చు, కానీ అది నువ్వు కెనడాలో ఉన్నంతవరకే. పాతది అయిపోయి, కొత్తది పెండింగ్‌లో ఉండగా విజయవాడ వెళ్లావనుకో, తిరిగొచ్చినా కొత్త పర్మిట్ చేతికొచ్చేదాకా పని చేయడానికి వీల్లేదు. ఇంటి అద్దె ఎవరు కడతారు?

కృష్ణలంక_కుర్రోడు:
స్టాంపు పర్మిట్ గడువు దాకా ఉంది అన్నా. అంటే ఇప్పుడే వెళ్లి పర్మిట్ ఉండగానే తిరిగొచ్చేస్తే పనికి ఇబ్బంది లేదు అంతేగా? వచ్చాక బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌కి (పీఆర్ నిర్ణయం వచ్చేదాకా పని చేసుకోనిచ్చే పర్మిట్) అప్లై చేస్తే?

డాలస్_టు_టొరంటో:
అంతే. ఏఓఆర్ ఉంది కాబట్టి బ్రిడ్జింగ్‌కి దారి ఉంది. కెనడాలో ఉండే అప్లై చెయ్యాలి, విజయవాడ నుంచి కాదు. ఆఖరి వారం దాకా ఆగకు. ఒకవేళ నువ్వు ఇండియాలో ఉన్నప్పుడే పీఆర్ అప్రూవ్ అయి కన్ఫర్మ్ చేసుకోమని పోర్టల్ మెయిల్ వస్తే, కెనడాలో ఉన్నానని అబద్ధం చెప్పి కన్ఫర్మ్ చెయ్యకు. అక్కడ ఉన్నట్టు చెప్పాల్సిన చోట లేకుండా చెప్తే, చేతికొచ్చిన పీఆర్ కేసుల్లో పడుతుంది. బయట ఉన్నానని వెబ్‌ఫామ్‌లో రాయి.

జగిత్యాల_వెల్డర్:
అందరికీ నమస్తే. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వాళ్లు ఆరు నెలలు దాటింది, ఏడు నెలలు దాటింది అంటుంటే మాకు మనసు కలుక్కుమంటది. నేను సౌదీల పని చేసి వచ్చిన, ఇప్పుడు సస్కచెవాన్‌ల వెల్డర్‌ని, ప్రావిన్స్ నామినేషన్ (ఆ రాష్ట్రం నన్ను పీఆర్‌కి సిఫారసు చేసుడు) ఉంది కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో కలవని స్ట్రీమ్. మా లైను వేరే, మా టైము వేరే. ఏండ్లు గడుస్తయి. నామినేషన్ వచ్చిందంటే అయిపోయింది అనుకుంటరు ఊర్ల, అయిపోలేదు, అది సగమే.

సౌదీ పోలీస్ క్లియరెన్స్ కోసం ఎంత తిరిగిననో చెప్తే ఒక రోజు పడ్తది. గత పదేండ్లల్ల ఆర్నెల్లు, అంతకన్న ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచి సర్టిఫికెట్ తేవాలె. గల్ఫ్ నుంచి వచ్చినోళ్లకు అక్కడ కఫీల్ (స్పాన్సర్) ఉండడు, ఇకామా (అక్కడి నివాస పర్మిట్) క్యాన్సిల్ అయి ఉంటది, కాగితం ఎవరు ఇస్తరు? ఇప్పుడు గల్ఫ్‌ల ఉండి కెనడా ఆలోచన చేస్తున్న తమ్ముళ్లకు ఒకటే చెప్తున్న, అక్కడ ఉన్నప్పుడే పోలీస్ క్లియరెన్స్ తీస్కొని బయల్దేరున్రి. వేలిముద్రల కాగితం, పాత ఇకామా కాపీలు, అన్ని పాస్‌పోర్టుల ఎంట్రీ ఎగ్జిట్ ముద్రలు స్కాన్ చేసి పెట్టుకోన్రి. దేశం దాటినంక అదే కాగితానికి పది రెట్లు కష్టం.

పాత_ఫైల్_2006:
వెల్డర్ గారూ, మీ బాధ నాకు బాగా తెలుసు. నాది ఇంకా పాత కథ, ఇక్కడున్న పిల్లల్లో చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నా.

2006లో హైదరాబాద్ నుంచి ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ (నైపుణ్యం ఉన్న ఉద్యోగుల పీఆర్ కేటగిరీ) కింద ఫైల్ పంపాను, మెకానికల్ ఇంజనీర్‌ని. అప్పట్లో డ్రాలు (పాయింట్లు ఎక్కువున్నవాళ్లను విడతలుగా పిలవడం) లేవు, 67 పాయింట్లు ఉంటే చాలు, వచ్చిన ఫైల్ వచ్చినట్టు తీసుకోవాల్సిందే, వరస పెరుగుతూనే పోయింది. 2008 ఫిబ్రవరి 27 తర్వాత వచ్చినవాళ్లకు కొత్త నిబంధనలు పెట్టి, వృత్తుల జాబితా ఇచ్చి, వాళ్లను ముందు చూడటం మొదలుపెట్టారు. మేం వెనకే ఉండిపోయాం. మా అబ్బాయిని ఇంటర్‌లో చేర్చేటప్పుడు కూడా, మధ్యలో వెళ్లిపోవాల్సి వస్తుందేమో అని ఆలోచించాం. ఇల్లు కొనడం వాయిదా వేశాం. 2012 మార్చి బడ్జెట్‌లో ఒక మాట చెప్పారు, జూన్ నెలాఖరుకు చట్టమైంది: 2008 ఫిబ్రవరి 27కి ముందు వచ్చి అప్పటికింకా నిర్ణయం కాని ఫైళ్లు రద్దు. కుటుంబ సభ్యులతో కలిపి దాదాపు 2,80,000 మంది. అప్పుడు మంత్రి జేసన్ కెన్నీ. ఫీజు వెనక్కి ఇచ్చారు, ఏళ్లు ఎవరిస్తారు? చాలామంది కోర్టుకెళ్లారు, 2013లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది, 2014లో అప్పీల్ కోర్టు కూడా అదే చెప్పింది. ప్రభుత్వం చట్టం చేసి వరస తీసేస్తే, వరసలో ఉన్నందుకు మనకు హక్కేమీ రాదని తేలింది.

భయపెట్టడానికి రాయడం లేదు. ఇప్పుడు మా అన్నయ్య కూతురు ఇదే దారిలో ఉంది. దానికి రోజూ చెప్పేదే మీకూ చెప్తున్నా, ఫైల్ వాళ్ల దగ్గర ఉండనీ, మీ ఉద్యోగం, మీ చదువు, పిల్లల స్కూలు, పెళ్లి, ఇల్లు ఇవి మాత్రం దాని తేదీలకు కట్టేయొద్దు. కృష్ణలంక బాబూ, నీ పాపను చూడటానికి వెళ్లు. నేనైతే వెళ్తాను.

ఓపిక_పట్టాలి:
పెద్దాయన చెప్పింది నిజమే కానీ 2012 వేరు, ఇప్పుడు వేరండి. 2015 జనవరిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పెట్టిందే ఆ వరస మళ్లీ పెరగకూడదని. పూల్‌లో (పిలుపు కోసం చూసేవాళ్ల జాబితాలో) ఉన్నంతసేపు అది అప్లికేషనే కాదు, పిలిచినవాళ్లే ఫైల్ వేస్తారు. మరి అయినా ఎందుకు పేరుకుపోతోంది అంటే, పిలుపులకీ సంవత్సరానికి తీసుకునే సంఖ్యకీ పొంతన కుదరనప్పుడు. 2021 ఫిబ్రవరి 13న ఒక్క డ్రాలో 27,332 మందిని పిలిచారు, కటాఫ్ 75కి పడిపోయింది, అదే సమయంలో బయటి దేశాల్లో ఉన్న స్కిల్డ్ వర్కర్లకు 2020 డిసెంబర్ నుంచి 2022 జులై దాకా డ్రాలే లేవు. 2022 జులై 6న మళ్లీ తెరిస్తే కటాఫ్ 557.

ఇప్పుడు వెల్డర్ అన్న సంగతి చూడండి. ప్రావిన్షియల్ నామినీలకు 2024లో 1,10,000 అనుకున్నది 2025కి 55,000 చేశారు, సగం. మొత్తం పీఆర్ లెక్క కూడా 2025కి 3,95,000కి దించారు, 2026కి 3,80,000. ఆఫీసర్ ఫైల్ చూసినా చూడకపోయినా ఆ ఏడాది లెక్కలో చోటు ఉండాలి కదా. అప్పటికే వరసలో ఉన్నవాళ్లు తగ్గరు, తలుపు సన్నబడింది. అందుకే నామినేషన్ చేతిలో ఉండి కూడా ఏళ్ల తరబడి ఆగుతున్నారు. ఆఫీసర్లు బద్ధకంగా ఉన్నారని తిట్టుకోవడం వల్ల లాభం లేదు, లెవెల్స్ ప్లాన్ (ఏ ఏడాది ఎంతమందిని తీసుకోవాలనే లెక్క) వచ్చినప్పుడు దాన్ని చదవండి, ఏటా దాదాపుగా నవంబర్ 1 ప్రాంతంలో పార్లమెంటులో పెడతారు.

జగిత్యాల_వెల్డర్:
లెక్క సమజైంది అన్నా. కానీ మమ్మల్ని రమ్మన్నది వాళ్లే కదా, వెల్డర్లు లేరు, కార్పెంటర్లు లేరు అని. సగం చేసేముందు అప్పటికే లోపల ఉన్నోళ్ల సంగతి తేల్చి, అటెనక కొత్తోళ్లను ఆపొచ్చు. టాక్సులు కడుతున్నం, చలిల మైనస్ ముప్పైల పని చేస్తున్నం. ఇది అడిగితే తప్పా?

కాల్గరీ_సిస్టర్:
తప్పు కాదు తమ్ముడూ, న్యాయమైన మాటే. ఈ మాటే మీ ఏరియా ఎంపీ ఆఫీసుకి రాయి. సిటిజన్ కాకపోయినా ఆ నియోజకవర్గంలో ఉండేవాళ్ల తరఫున వాళ్ల స్టాఫ్ ఫైల్ స్టేటస్ అడుగుతారు. ఫైల్ ముందుకు జరపలేరు, కానీ ఏ చెక్ దగ్గర ఆగిందో చెప్తారు.

కూకట్‌పల్లి_నుంచి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను హైదరాబాద్‌లో ఉన్నా, ఐటీలో టెస్టింగ్, వయసు 33, సీఆర్‌ఎస్ 450 చుట్టూ తిరుగుతోంది. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు కెనడా జాబ్ ఆఫర్ ఇప్పిస్తాం, ఎల్‌ఎమ్‌ఐఏ (విదేశీ ఉద్యోగిని పెట్టుకోవడానికి కంపెనీకి ఇచ్చే ప్రభుత్వ అనుమతి) ఉంటుంది, 50 పాయింట్లు వస్తాయి, ఐటీఏ గ్యారంటీ అంటున్నారు. లక్షల్లో అడుగుతున్నారు, సగం అడ్వాన్స్. నాన్న పొలం మీద లోన్ తీసుకుందాం అంటున్నారు. నమ్మొచ్చా?

డాలస్_టు_టొరంటో:
వద్దు. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 2025 మార్చి 25 నుంచి జాబ్ ఆఫర్‌కి సీఆర్‌ఎస్ పాయింట్లే లేవు, 50 లేదు, 200 లేదు, మొత్తం తీసేశారు. తీసేసిందే ఎల్‌ఎమ్‌ఐఏలు కొనడం అమ్మడం ఆపడానికి. లేని పాయింట్లు అమ్ముతున్నారంటే వాళ్ల సంగతి నీకే అర్థమవ్వాలి. పైగా దొంగ ఆఫర్ అని తేలితే మిస్‌రిప్రజెంటేషన్ కింద ఐదేళ్లు నిషేధం పడుతుంది, అది కన్సల్టెంట్ మీద పడదు, నీ మీద. డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాడికి లైసెన్స్ ఉండాలి, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ ఉంది, పేరు కొట్టి చూడు. పొలం జోలికి పోవద్దని నాన్నగారికి గట్టిగా చెప్పు.

ఫ్రెంచ్_మొదలెట్టా:
తమ్ముడూ, ఆ డబ్బులో కొంచెం పెట్టి ఫ్రెంచ్ నేర్చుకో. సీరియస్‌గా చెప్తున్నా. మామూలు సీఈసీ డ్రాలు 500 పైనే ఉంటున్నాయి, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు 2025 మార్చిలో 379కి కూడా పిలిచారు. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింటిలోనూ ఎన్‌సీఎల్‌సీ (కెనడా ఫ్రెంచ్ స్థాయి) 7 రావాలి, టీఈఎఫ్ గానీ టీసీఎఫ్ గానీ పరీక్ష రాయాలి. తేలిక కాదు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషుకే కష్టపడ్డవాళ్లం మనం, అయినా హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో నాతో పాటు కూర్చునేవాళ్లలో సగం మంది కెనడా కోసమే వచ్చారు. ఏడాది, ఏడాదిన్నర గట్టిగా చదవాలి, ఉద్యోగం మానకుండా.

ఇంకోటి గుర్తుపెట్టుకో, 30 దాటాక ప్రతి పుట్టినరోజుకీ ఐదారు పాయింట్లు పోతాయి, 40 దగ్గర నుంచి పదేసి. ఐఈఎల్‌టీఎస్ రెండేళ్లకి పోతుంది, డిగ్రీల అసెస్‌మెంట్ ఐదేళ్లకి. అన్నిటి తేదీలూ ఒక కాగితం మీద రాసి గోడకి అంటించు.

డాలస్_టు_టొరంటో:
వయసు పాయింట్ల సంగతి నాకంటే ఎవరికి తెలుసు. 2023 జులైలో హెచ్1బీ వాళ్లకి ఓపెన్ వర్క్ పర్మిట్ అన్నారు, 10,000 సీట్లు రెండు రోజుల్లో అయిపోయాయి, అందులో నేనొకడిని. అమెరికాలో ఈబీ-2 ఇండియా గ్రీన్‌కార్డు లైన్‌లో నిలబడి ముసలివాళ్లమైపోతాం అని కుటుంబంతో వచ్చేశా. ఆ పర్మిట్‌తో పీఆర్ ఇస్తామని ఎవరూ చెప్పలేదు, మూడేళ్ల పర్మిట్ అంతే. ఇక్కడి అనుభవం పాయింట్లు ఒక చేత్తో వస్తుంటే వయసు పాయింట్లు ఇంకో చేత్తో పోయాయి. చివరికి ప్రావిన్స్ నామినేషన్ ఇచ్చే 600 పాయింట్లతో గట్టెక్కాను. మళ్లీ అదే నిర్ణయం తీసుకోమన్నా తీసుకుంటాను, పిల్లలు ఇక్కడ స్కూల్లో కుదురుకున్నారు.

కృష్ణలంక_కుర్రోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇంతమంది ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఫైల్ విషయానికొస్తే, జీసీఎంఎస్ నోట్స్ (ఫైల్ మీద ఆఫీసర్లు రాసుకున్న వివరాలు) తెప్పించుకోమని ఒకరు, కోర్టులో మాండమస్ వేయమని ఒకరు అంటున్నారు. కోర్టుకెళ్తే కక్ష కట్టి రిజెక్ట్ చేస్తారేమో అని భయం. ఏది ముందు?

ఓపిక_పట్టాలి:
నోట్స్ ముందు. కెనడాలో ఉన్నావు కాబట్టి నువ్వే ఏటీఐపీ (మన సమాచార హక్కు లాంటిది) రిక్వెస్ట్ పెట్టొచ్చు, ఐదు డాలర్లు. చట్టప్రకారం 30 రోజుల్లో ఇవ్వాలి, ఒక్కోసారి ఎక్కువ పడుతుంది. అందులో ఎలిజిబిలిటీ, క్రిమినాలిటీ, సెక్యూరిటీ విడివిడిగా ఉంటాయి, ఏది పాస్ అయింది, ఏది మొదలే కాలేదు అని తెలుస్తుంది. సెక్యూరిటీ స్క్రీనింగ్ సీబీఎస్‌ఏ (సరిహద్దు ఏజెన్సీ), సీఎస్‌ఐఎస్ (నిఘా సంస్థ) దగ్గరికి వెళ్తే వెబ్‌ఫామ్‌లు ఎన్ని పంపినా అక్కడ పని జరగదు, నెలకోటి పంపి ప్రయోజనం లేదు. కొత్త సమాచారం ఉన్నప్పుడే పంపు, పాప వివరాలు అలాంటివే.

మాండమస్ అంటే ఫైల్ అప్రూవ్ చేయమని కాదు, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని ఫెడరల్ కోర్టు ఆదేశం. కోర్టు ఫీజు 50 డాలర్లే, లాయర్ ఫీజు మాత్రం వేలల్లో. కొనిల్ అనే పాత కేసు నుంచి కోర్టు చూసేవి మూడు: మామూలుగా పట్టే కాలం కంటే ఎక్కువ పట్టిందా, ఆలస్యానికి నువ్వు కారణమా, వాళ్లు సరైన సంజాయిషీ ఇచ్చారా. ఆరు నెలలనేది సర్వీస్ స్టాండర్డ్ మాత్రమే, పదింట ఎనిమిది ఫైళ్లకి పెట్టుకున్న లక్ష్యం, చట్టంలో గడువు కాదు. అందుకని ఏడో నెలలో కోర్టుకెళ్తే నిలబడదు. బాగా ఎక్కువ దాటాక, నోట్స్‌లో కారణం ఏమీ లేకపోతే, లాయర్‌తో ఒక డిమాండ్ లెటర్ ముందు పంపిస్తారు, దానికే కదిలిన ఫైళ్లు చాలా చూశాను. కక్ష కట్టడం లాంటిది ఉండదు, కోర్టుకెళ్లడం నీ హక్కు.

పాత_ఫైల్_2006:
హక్కు కాబట్టే వాడుకోండి. మా రోజుల్లో లియాంగ్ అనే దరఖాస్తుదారుడు రద్దు చట్టం అమల్లోకి రాకముందే మాండమస్ ఆదేశం తెచ్చుకున్నాడు. ఆగినవాళ్లకు ఆ అవకాశం లేకుండా పోయింది.

కృష్ణలంక_కుర్రోడు:
సరే అండీ. ఇవాళే నోట్స్‌కి అప్లై చేస్తా. పాప బర్త్ సర్టిఫికెట్‌కి మా బావమరిదిని మున్సిపల్ ఆఫీసుకి పంపిస్తున్నా. లీవ్ దొరికితే వచ్చే నెలలో వెళ్లి, పర్మిట్‌కి టైం ఉండగానే తిరిగొచ్చి బ్రిడ్జింగ్‌కి పెడతా. ఒక్క డౌట్, పాప పాస్‌పోర్ట్‌కి ఇద్దరు తల్లిదండ్రులూ ఉండాలా, నేను వచ్చేదాకా ఆగాలా?

కాల్గరీ_సిస్టర్:
ఆగక్కర్లేదు. మైనర్‌కి తల్లిదండ్రుల్లో ఒకరు పాపను తీసుకుని పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి వెళ్లి అప్లై చేయొచ్చు, నీ వైపు నుంచి ఏ కాగితాలు కావాలో ముందే వాళ్ల సైట్‌లో చూసుకో, నీ పాస్‌పోర్ట్ కాపీ తన దగ్గర ఉంచు. నువ్వు వెళ్లేలోగా పాస్‌పోర్ట్ వస్తే మెడికల్ లెటర్ కూడా నువ్వు అక్కడ ఉండగానే రావచ్చు, హైదరాబాద్‌కి ముగ్గురూ కలిసి వెళ్లి రండి, పసిబిడ్డతో తను ఒక్కతే తిరగకుండా ఉంటుంది. చలికాలం టికెట్ అయితే ఇప్పుడే బుక్ చెయ్యి, డిసెంబర్‌లో రేట్లు మండిపోతాయి.